కిటికీ పక్క నాలుగో బల్ల

అక్టోబరు 18, శనివారం, మధ్యాహ్నం 3 గంటల 20 నిమిషాలు. గ్రంథాలయం మూడో అంతస్తులో కిటికీ పక్క నాలుగో బల్ల మీద ప్యో సెవన్ సామాను లేదు. ల్యాప్‌టాప్ లేదు. సంచీ లేదు. నోటుపుస్తకం లేదు. కుర్చీకి తగిలించిన స్వెటర్ మాత్రం ఉంది. పెన్ను బల్ల కింద దొరికింది.

ఆ సామాను అక్కడ పెట్టింది సెవనే, పన్నెండున్నరకి. పుస్తకం తెరిచి, దాని మీద పెన్ను అడ్డంగా పెట్టి, ల్యాప్‌టాప్ మూత సగం దించి, మనిషి ఇప్పుడే మంచినీళ్ళకి లేచి వెళ్ళినట్టు అమర్చింది. తర్వాత టెన్నిస్ కోర్టుకి వెళ్ళింది. కొరియాలో ఆమె పుట్టి పెరిగిన గున్సాన్‌లో సంచీ పెట్టిన చోటు సాయంత్రం దాకా ఆ సంచీదే. అక్కడ కాఫీ కొట్లో ఫోను బల్ల మీద పెట్టి వెళ్ళి వరసలో నిలబడతారు. అమెరికాలో ఇలినాయ్‌కి వచ్చాక కూడా రెండేళ్ళుగా ఆమె అదే చేసింది. ఎవరూ ముట్టుకోలేదు.

సెవన్‌కి ఇరవై ఒక్కేళ్ళు. మెకానికల్ ఇంజినీరింగ్ మూడో సంవత్సరం. మొదటి ఏడాది ఆమె ఎవరితోనూ కలవలేదు, అన్నిటిలోనూ ఎ గ్రేడు వచ్చింది. ఆ ఏడాది గదిలో ఒక్కతే కూర్చుని తిన్న రామ్యాన్ నూడుల్స్ వాసన ఇప్పటికీ ఆమెకి నచ్చదు. రెండో ఏడాది అందరితోనూ కలిసింది, రెండు సబ్జెక్టుల్లో సి వచ్చింది, విభాగం నుంచి ఉత్తరం వచ్చింది. ఇంకొక్క సి వస్తే ఇంజినీరింగ్‌లో ఉంచరు. మూడో ఏడాది ఆమె రెండూ కావాలనుకుంది.

పోయిన పుస్తకం యంత్ర రూపకల్పన సబ్జెక్టుది. ఒక గేర్‌బాక్సుకి ఎనిమిది వారాలుగా చేతితో వేసిన లెక్కలు, 62 పేజీలు. సోమవారం సాయంత్రం అయిదు లోపల ఇవ్వాలి. గ్రేడులో నలభై శాతం దానిదే. ఆలస్యమైతే సున్నా.

కింద డెస్కులో ఉన్నావిడ రిజిస్టరు తిప్పి చూసింది.

“మా దగ్గరికి ఏ సంచీ రాలేదమ్మా. 1:40కి మా వాళ్ళు పైన తిరిగి చూశారు. నాలుగో బల్ల దగ్గర స్వెటర్ ఒకటి ఉందని రాసి ఉంది. అంతే.”

“ఒంటిగంట నలభైకేనా?”

“గడియారం చూసే రాస్తారు. ఎంతసేపు వదిలేసి వెళ్ళావు?”

“మూడు గంటలు.”

ఆవిడ కళ్ళజోడు పైనుంచి చూసింది. ఫిర్యాదు కాగితం ముందుకి జరిపింది. సెవన్ రాసి, సంతకం పెట్టి, బయటికి వచ్చింది.

మెట్ల మీద నాంగుంగ్ హ్యోక్ కూర్చుని ఉన్నాడు. కాళ్ళ దగ్గర వలసంచీలో బంతి. అతనికి ఇరవై ఆరు. కొరియా మగపిల్లలకి తప్పని సైనికసేవ పద్దెనిమిది నెలలు, అదీ వంటశాలలో చేసి వచ్చి, ఇప్పుడు సెవన్ విభాగంలోనే చివరి సంవత్సరం చదువుతున్నాడు. జోక్గు జట్టుకి కెప్టెన్. ఆట టెన్నిస్ కోర్టులోనే, వలకి అటు నలుగురు, ఇటు నలుగురు. బంతికి కాలు తగలాలి, తల తగలాలి, చెయ్యి తగలకూడదు. సెవన్ జట్టులో ఉన్న ఒక్క ఆడపిల్ల. సర్వీసు ఆమెది, ఎడమకాలితో. హ్యోక్ ఆమెని పేరు పెట్టి పిలవడు.

“ఏం ఎడమకాలూ, పోయిందా? మొత్తమా?”

“స్వెటర్ వదిలేశాడన్నా.”

“మర్యాదస్తుడు. నీకు చలేస్తుందని ఆలోచించాడు.” హ్యోక్ లేచాడు. “పుస్తకం ఫొటోలున్నాయి కదా? మీ వాళ్ళు గంటగంటకీ తీస్తారుగా.”

ఉన్నాయి. సమస్య అక్కడే ఉంది.

కొరియా విద్యార్థులు ఎనిమిది మంది కాకావో అనే సందేశాల యాప్‌లో ఒక గుంపు పెట్టుకున్నారు. పేరు రుజువు. రోజుకి నాలుగు గంటలు చదవాలి, శనివారం మూడు. గంట మొదలైనప్పుడల్లా తెరిచిన పేజీని, పక్కన పెట్టిన స్టాప్‌వాచీని కలిపి ఫొటో తీసి గుంపులో పెట్టాలి. అబద్ధపు రుజువు ఒక్కటి దొరికినా మనిషి బయటికే, మళ్ళీ ఆ టర్ములో రానివ్వరు. రెండు సి గ్రేడుల తర్వాత సెవన్‌ని నిలబెట్టింది ఆ గుంపే.

సెప్టెంబరు 19 నుంచి ఆమె శుక్రవారం ఏడు గంటలు చదువుతోంది. నాలుగు శుక్రవారానికి పంపి, మూడు దాచుకుని, శనివారం కోర్టు పక్కనుంచి పంపుతోంది. గంటలు దొంగవి కావు, రోజు ఒక్కటే మారిందని ఆమె లెక్క. గుంపు పెద్ద ఓక్ జిన్హీ ఒక్కోసారి మూడో అంతస్తుకి వచ్చి చూసి వెళుతుంది కాబట్టి బల్ల మీద పుస్తకం తెరిచి ఉండాలి.

“కాకావోలో రెండు వారాలు దాటినవి తెరుచుకోవడం లేదు,” అంది సెవన్. “ఫోను సెప్టెంబరులో మార్చాను. అన్నీ దాచిపెట్టేది జిన్హీ అక్క ఒక్కతే.”

“అడుగు. బాత్‌రూమ్‌కి వెళ్ళొచ్చేసరికి పోయిందని చెప్పు. అందరూ వెళతారు బాత్‌రూమ్‌కి.”

“రిజిస్టరులో 1:40 అని ఉందన్నా. నేను రెండింటికి పేజీ 58 పంపాను. మూడింటికి పేజీ 60.”

హ్యోక్ ఒక మెట్టు దిగి ఆగాడు. “లేని పుస్తకంలో పేజీలు పంపావా?”

“పంపాను.”

“నిన్ను మా వంటశాల గోదాములో పెట్టి ఉంటే లేని గుడ్లు కూడా లెక్కకి వచ్చేవి.” వలసంచీ భుజాన వేసుకున్నాడు. “సరే, నేను వచ్చి ఒక కథ చెబుతాను. పద్దెనిమిది నెలలు నేను చేసింది అదే.”

“వద్దన్నా. కథ చెబితే దాన్ని కూడా గుర్తుపెట్టుకోవాలి. సోమవారం దాకా నాకు అంత తీరిక లేదు.”

జిన్హీ వాటా గ్రంథాలయానికి పది నిమిషాల నడక. సెవన్ వెళ్ళేసరికి 4:15. జిన్హీ నేల మీద పాత వార్తాపత్రిక పరిచి సోయా మొలకల తోకలు తుంచుతోంది. ఆమెకి ఇరవై నాలుగు, గణాంకశాస్త్రం చివరి సంవత్సరం. ప్రతి ఆదివారం గుంపు ఫొటోలన్నీ కంప్యూటరులోకి దించి, ఎవరు ఏ గంట ఏ పేజీ మీద ఉన్నారో పట్టిక వేస్తుంది.

“చేతులు కడుక్కుని కూర్చో. ఆ గిన్నె ఇటు తే.”

సెవన్ కూర్చుంది. రెండు మొలకలు తుంచింది.

“అక్కా, నా రుజువులు అబద్ధం.”

జిన్హీ చెయ్యి ఆగలేదు. “ఏవి?”

“ఇవాళ్టివి మూడూ. సెప్టెంబరు 20 నుంచి ప్రతి శనివారానివీ. మొత్తం పదిహేను.”

“పేజీలు?”

“పేజీలు నిజమే. శుక్రవారం చదివి దాచుకున్నాను.”

“కిమ్చి పచ్చడిలా జాడీలో పెట్టి మూతేశావన్నమాట.” జిన్హీ మొలకని గిన్నెలో వేసింది. “మరి శనివారాలు ఎక్కడున్నావు?”

“జోక్గు ఆడాను.”

“ఆ మిలిటరీ వాళ్ళతోనా? కాళ్ళతో?”

“సర్వీసు నాదే.”

“గెలిచారా?”

“ఇవాళ గెలిచాం. 15-11. వచ్చే శనివారం ఫైనల్.”

జిన్హీ ఇంకో పిడికెడు మొలకలు ముందుకి లాక్కుంది. “పోయిన శనివారం దోయాన్‌కి జ్వరం. ఇంట్లో పడుకోమన్నాను. సెవనక్క ఫొటో వచ్చింది, ఆవిడ కూర్చుంటే నేనెలా పడుకోను అని లేచి పుస్తకం తెరిచాడు. మూడు గంటలు కూర్చున్నాడు. నువ్వు అప్పుడు బంతి తంతున్నావు.”

దోయాన్ మొదటి సంవత్సరం కుర్రవాడు. సెవన్ చేతిలోని మొలక తుంచి గిన్నెలో వేసింది. సామాను పోయిన సంగతి, 1:40 సంగతి, సోమవారం అయిదు గంటల సంగతి వరసగా చెప్పింది.

“నాకు ఆ ఫొటోలు కావాలక్కా. ఇవ్వనంటే అర్థం చేసుకుంటాను. కానీ అడక్కుండా వెళ్ళను.”

“పేజీలు నీవి. ఇవ్వకపోవడానికి నేనెవర్ని? నియమం మాత్రం నీ కోసం మార్చను.”

“మార్చమని రాలేదు.”

“గుంపుకి నువ్వే చెప్పు. నేను చెప్పను.”

సెవన్ చేతులు తుడుచుకుని ఫోను తీసింది. మూడు వాక్యాలు రాసింది. అయిదు శనివారాలు నేను పంపిన రుజువులు ముందురోజువి. ఆ సమయంలో నేను కోర్టులో ఉన్నాను. దోయాన్, జ్వరంలో నిన్ను లేపింది నా అబద్ధం, క్షమించు. పంపాక సందేశం పక్కన ఏడు అంకె కనిపించింది, చదవాల్సినవాళ్ళు ఏడుగురని. ఏడు అయిదయింది. అయిదు రెండయింది. దోయాన్ “అక్కా” అని రాసి ఆగిపోయాడు.

4:52కి జిన్హీ ఫొటోల ఫోల్డరు పంపింది. 4:53కి సెవన్‌ని గుంపు నుంచి తీసేసింది.

“కొత్త పుస్తకం ఉందా?” అంది జిన్హీ.

లెక్కలు రాసి ఇవ్వాల్సిన ఆ పుస్తకం కుట్టు వేసి, పేజీలకి అంకెలు అచ్చువేసి ఉంటుంది. కాలేజీ కొట్లో తప్ప దొరకదు. శనివారం ఆ కొట్టు అయిదింటికి మూస్తారు, ఆదివారం తెరవరు. సెవన్ గడియారం చూసింది. జిన్హీ లేచి అలమారలోంచి ఒకటి తీసి ఇచ్చింది.

“రెండేళ్ళ క్రితం కొన్నాను, ఆ సబ్జెక్టు వదిలేశాను. ఇది గుంపు పెద్దగా ఇవ్వడం లేదు, అక్కగా ఇస్తున్నాను. కూర్చో. మొలకలు అయిపోయాక వెళుదువుగాని.”

ఆ సాయంత్రం సెవన్ ప్రొఫెసరుకి ఉత్తరం పంపింది. పుస్తకం దొంగిలించారు, గ్రంథాలయంలో ఇచ్చిన ఫిర్యాదు జతచేస్తున్నాను, ఫొటోలు చూసి నా చేత్తో నా లెక్కలు తిరిగి రాయవచ్చా అని. ఆదివారం ఉదయం 9:10కి జవాబు వచ్చింది. రాయవచ్చు, ప్రతి పేజీ మీద మొదట రాసినదీ తిరిగి రాసినదీ రెండు తేదీలూ వేయండి, గడువు మారదు.

అప్పటికి ఆమె హ్యోక్ వంటింటి బల్ల దగ్గర పదహారో పేజీలో ఉంది. ఫోల్డరులో 62 పేజీలకి 53 దొరికాయి. గంటకొక్క ఫొటో కాబట్టి ఆ గంటలో వేగంగా రాసిన పేజీలు ఎవరూ తీయలేదు. ఆ తొమ్మిదీ మళ్ళీ లెక్క వేయాలి. హ్యోక్ ఎదురుగా కూర్చుని ఫొటో పెద్దది చేసి పైకి చదువుతున్నాడు. ఆమె రాస్తోంది.

“ఇది సున్నానా, ఆరా?”

“అది తీటా గుర్తన్నా.”

“తీటాకి నడుము మీద గీత ఉండాలి. దీనికి తోక ఉంది.”

“నువ్వు ఈ సబ్జెక్టు ఎలా పాసయ్యావన్నా?”

“కాళ్ళతో. చదవనియ్యి.”

పేజీకి ఆరేడు నిమిషాలు పట్టింది. పదకొండున్నర దాటాక నలభై ఒకటో పేజీకి వచ్చారు. ఫొటో దొరకని పేజీలు ఖాళీగా వదిలేస్తూ వచ్చారు కాబట్టి వేగం అందుకుంది. హ్యోక్ ఒక వాక్యం మధ్యలో ఆగాడు.

“ఇక్కడ గేరు మీద బలం 1,480 అని ఉంది.”

“అవును.”

“కాదు. ఇందాక నాతో 1,840 అనిపించావు. పెద్ద అంకె, నోరు తిరగక రెండుసార్లు అన్నాను. వెనక్కి తిప్పు.”

వెనక్కి తిప్పారు. పేజీ 33లో 1,840 న్యూటన్లు. పేజీ 41లోకి దించేటప్పుడు నాలుగూ ఎనిమిదీ చోట్లు మారాయి. అక్కడినుంచి 49 దాకా తొమ్మిది పేజీలు 1,480 మీదే నడిచాయి. సెవన్ వేరే కాగితం తీసుకుని ఇరుసు లెక్క మళ్ళీ వేసింది. ఇంతకుముందు మందం 23.3 మిల్లీమీటర్లు వచ్చిన చోట 25.05 వచ్చింది. ఆమె వేసిన బేరింగు 25ది. అది సరిపోదు. దాని తర్వాతది 30.

“నాలుగు వారాల నుంచి ఆ బేరింగు బొమ్మలు గీస్తున్నాను,” అంది.

హ్యోక్ ఫోను బల్ల మీద బోర్లా పెట్టాడు. “ఉన్నది ఉన్నట్టు దించితే ఎప్పటికవుతుంది?”

“ఇవాళ సాయంత్రానికి.”

“సరిచేస్తే?”

“రేపు మధ్యాహ్నానికి. అన్నీ కుదిరితే.”

“రేపు పదింటికి నీకు క్లాసుంది.”

“ఉంది. వెళతాను.”

“తప్పు నాకు కనబడలేదనుకో. ఆయనకీ కనబడకపోవచ్చు.”

“నీకే కనబడిందన్నా. సున్నాకీ తీటాకీ తేడా తెలియనివాడివి.”

హ్యోక్ నవ్వి, లేచి, బియ్యం కడగడానికి వెళ్ళాడు. సెవన్ పేజీ 41 మీద రెండు తేదీలు వేసి 1,840 అని రాసింది.

అయిదింటికి తలుపు చప్పుడయింది. జిన్హీ. రెండు చేతులా గిన్నె, మీద మూత.

“మొలకల చారు. తుంచినవాళ్ళు తినాలి కదా.” హ్యోక్‌ని చూసింది. “శనివారాల గురువుగారు మీరేనా అన్నా?”

“నేనే.” అతని గొంతు బొంగురుపోయింది. “తిట్టాలంటే భోజనం అయ్యాక తిట్టమ్మా. పొద్దున ఎనిమిది నుంచి చదువుతున్నాను. ఇంత చదువు నేను నాలుగేళ్ళలో చదవలేదు.”

తిన్నాక జిన్హీ ఫోను తీసుకుని అతని కుర్చీలో కూర్చుంది. రెండు గంటలు చదివింది. ఆమె చదివేటప్పుడు ప్రతి అంకెనీ రెండుసార్లు చెప్పింది. మధ్యలో ఒకచోట ఆగి, ఫొటోలో పేజీ పక్కనున్న స్టాప్‌వాచీని చూసింది.

“ఇది శనివారానిదే.”

“అవునక్కా.”

“పేజీ 52. మొదటి వరుస,” అంది జిన్హీ, చదవడం సాగించింది.

సెవన్ పదింటికి ఆపి నిద్రపోయింది. సోమవారం ఆరింటికి మొదలుపెట్టింది, పదింటి క్లాసుకి వెళ్ళింది, పదకొండున్నరకి మళ్ళీ కూర్చుంది. ఖాళీగా వదిలిన తొమ్మిది పేజీల లెక్కలు చివరికి మిగిలాయి. సరిచేసిన బేరింగుకి ఇంకో రెండు పేజీలు కావాల్సి వచ్చాయి. సాయంత్రం 4:38కి విభాగం ఆఫీసులో పుస్తకం ఇచ్చింది. గుమాస్తా ముద్ర వేసి రసీదు చింపి ఇచ్చాడు. 64 పేజీలు.

అక్టోబరు 25, శనివారం, ఒంటిగంటకి ఫైనల్. సెవన్ సంచీ వల కట్టిన స్తంభానికి వేలాడదీసి ఉంది. కొత్త సంచీ, లోపల హ్యోక్ అరువిచ్చిన పాత ల్యాప్‌టాప్. గట్టు మీద దుప్పట్లు పరిచి, కింబాప్ అన్నపు చుట్టల డబ్బాలు తెరిచి నలభై మంది దాకా కూర్చున్నారు. జిన్హీ, దోయాన్ ఒక చివర ఉన్నారు. దోయాన్ మెడలో స్టాప్‌వాచీ ఉంది.

“అక్కా, ఆటకి రుజువు తీయనా?” అని అరిచాడు.

“తియ్యి. మూడు గంటలకీ మూడు.”

మొదటి సెట్ గెలిచారు. రెండోది పోయింది. మూడో సెట్‌లో 13-14 దగ్గర సెవన్ సర్వీసు గీత లోపలే పడిందని ఇటువాళ్ళు, బయట పడిందని అటువాళ్ళు అరిచారు. రిఫరీ బయట అన్నాడు. 13-15. ఇండియానా నుంచి వచ్చిన జట్టు కప్పు తీసుకుంది.

“లోపలే పడింది,” అంది సెవన్, కోర్టు బయటికి వస్తూ.

“ఫొటో ఉంది,” అన్నాడు దోయాన్. జిన్హీతో కలిపి ముగ్గురూ చూశారు. బంతి బయటే పడింది.

“ఈసారి నిజమైన రుజువు,” అన్నాడు హ్యోక్ వెనకనుంచి.

జిన్హీ ఆమెకి కింబాప్ డబ్బా అందించింది. “జనవరిలో గుంపు మళ్ళీ మొదలవుతుంది. చేరాలంటే అడుగు. అందరూ ఒప్పుకోవాలి.”

“అడుగుతాను.”

“ఇంకోటి. దోయాన్ ఒక నియమం పెడదామంటున్నాడు. శనివారం రుజువు వద్దని. ఓటు పెట్టాను.”

“ఏమైంది?”

“నాలుగు, మూడు.”

“ఎటు నాలుగక్కా?”

“శనివారం వద్దనే. నాది ఆ మూడులో ఉంది.” జిన్హీ తన డబ్బా తెరుచుకుంది. “నియమం నియమమే.”

నవంబరు 3న యంత్ర రూపకల్పన పుస్తకాలు తిరిగి ఇచ్చారు. సెవన్‌కి నూటికి 91. నలభై ఒకటో పేజీ పక్కన పెన్సిలుతో టిక్కు.

నవంబరు 5, బుధవారం, ఉదయం 10:15కి గ్రంథాలయం డెస్కు నుంచి ఫోను వచ్చింది. రెండో అంతస్తు మెట్ల కింద చీపుర్లు పెట్టే అరలో, మడిచిన అట్టపెట్టెల వెనక ఆమె సంచీ దొరికింది. సెవన్ వెళ్ళి సంతకం పెట్టి తీసుకుంది. ల్యాప్‌టాప్ లేదు. నోటుపుస్తకం ఉంది. నలభై ఒకటో పేజీలో 1,480 అని ఉంది.